గేదె కాలు జారితే తప్పు నేలది

గేదె పడుకుని లేచే తీరు ఒకసారి నిదానంగా గమనించండి. ముందు తలను ముందుకు చాపుతుంది. ఒంటి బరువును మోకాళ్ళ మీదికి తెచ్చుకుని వెనక భాగాన్ని మొదట పైకెత్తుతుంది. ముందు కాళ్ళు ఇంకా మోకాళ్ళ మీదే ఉండగా వెనక గిట్టలు రెండూ నేలను తన్నిపట్టి ఉంటాయి. ఆ తర్వాతే ఒక ముందు కాలు, వెంటనే రెండోది లేపుతుంది. ఆవుదీ ఎద్దుదీ ఇదే పద్ధతి. గుర్రం దీనికి పూర్తిగా తలకిందులు. ముందు కాళ్ళు రెండూ బారజాపి, వాటిని ఊనుకుని, వెనక కాళ్ళతో ఒక్క ఊపున ఒళ్ళంతా పైకి నెట్టుకుంటుంది.

పద్ధతి ఏదైనా భారం పడేది చివరికి వెనక గిట్టల మీదే. మంచి ముర్రా గేదె 450 నుంచి 550 కిలోలు ఉంటుంది. పాడి పశువు రోజులో పది పన్నెండు గంటలు పడుకునే గడుపుతుంది, అదీ ఏకబిగిన కాదు. పడుకోవడం, లేవడం రోజుకు ఇంచుమించు పదిసార్లు జరుగుతాయి. అన్నిసార్లూ ఆ బరువును నేల పట్టి నిలబెట్టాలి. పట్టులేని నేల మీద పశువు రెండు రకాలుగా నష్టపోతుంది. లేవబోయి జారడం మొదటిది. జారతాననే భయంతో పడుకోవడమే తగ్గించుకోవడం రెండోది. పడుకోని పశువు నెమరు తగ్గుతుంది, కాళ్ళు వాస్తాయి, పాలూ తగ్గుతాయి.

పాక కట్టుకునే రైతు కప్పు గురించి పదిమందిని అడుగుతాడు. రేకులా, తాటాకా, ఎత్తు ఎంత ఉండాలి, గాలి ఎటునుంచి వస్తుంది అని ఆలోచిస్తాడు. నేల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "గచ్చు చేయించేద్దాం" అని ఒక్కమాటతో మేస్త్రీకి వదిలేస్తాడు. పశువు రోజంతా తాకుతూ ఉండేది కప్పును కాదు, నేలను. ఆ నేలకు పట్టు తేవడానికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు. కాంక్రీటు పచ్చిగా ఉన్న రెండు మూడు గంటల్లో చేసుకుంటే ఆ పని దాదాపు ఉచితం. ఆ గడియ దాటాక అదే పని ఖరీదైపోతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఈ తేడా చుట్టూనే ఉంది.

ముందు, జారితే ఏమవుతుందో చూద్దాం. నునుపు నేల మీద వెనక కాళ్ళు రెండూ పక్కలకు చీలినట్టు విడిపోతాయి. తొడల లోపలి కండరాలు తెగుతాయి. ఒక్కోసారి తుంటి కీలు తప్పుతుంది. ఇలా పడిన పెద్ద పశువు తనంత తాను లేవడం చాలా కష్టం. ఈనిన తర్వాతి మొదటి రెండు మూడు రోజులు మరీ ప్రమాదకరం. దూడ పెద్దదై ఈత కష్టమైతే, తొడలను లోపలికి లాగి పట్టే కండరాలకు వెళ్ళే నరం కటి ఎముక దగ్గర నలుగుతుంది. అప్పుడు కాళ్ళు దగ్గరగా పెట్టుకునే శక్తి పశువుకు ఉండదు. దానికి తోడు రక్తంలో కాల్షియం పడిపోయి పాలజ్వరం వస్తే నడకే తూలుతుంది. మట్టినేల మీదైతే తూలినా నిలదొక్కుకునేది, తడిసిన గచ్చు మీద కూలబడుతుంది.

బయటికి కనబడని నష్టం ఇంకొకటి ఉంది. ఎదకు వచ్చిన ఆవు తోటి ఆవుల మీదికి ఎక్కుతుంది, వాటిని ఎక్కనిస్తుంది. రైతు ఎదను గుర్తుపట్టేది ఎక్కువగా ఆ చేష్టతోనే. కాళ్ళకింద పట్టులేదని తెలిసిన ఆవు ఎక్కే సాహసం చేయదు. మట్టినేల మీద స్పష్టంగా కనిపించే ఎద గచ్చు మీద దాగిపోతుంది. గేదెల్లో ఎద అసలే మూగగా ఉంటుంది. ఒక ఎద చూసుకోకుండా పోతే మళ్ళీ 21 రోజుల దాకా ఆగాలి. ఆ 21 రోజుల మేతఖర్చు ఎవరూ నేల పద్దులో రాసుకోరు కానీ, అది నేల వల్ల వచ్చిన ఖర్చే.

మరో మాట కూడా చెప్పాలి. తెల్లవారుజామున పేడ తీసేది, పాలబకెట్టు పట్టుకుని ఆ తడి నేల మీద నడిచేది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. గేదె జారే చోట వాళ్ళూ జారతారు. ఆ నడుము నొప్పులు, విరిగిన మణికట్లు ఏ పశువైద్యశాల రికార్డులోనూ ఉండవు.

మీ పాక నేల జారుతుందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పశువు నడక చూడండి. తల వంచుకుని, పొట్టి అడుగులు వేస్తూ, వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంటే దానికి నేల మీద నమ్మకం లేదన్నమాట. బయట కళ్ళంలో అదే పశువు ఎలా నడుస్తుందో చూస్తే తేడా తెలిసిపోతుంది. తర్వాత నేల మీద కొద్దిగా నీళ్ళు చల్లి, బూటు మడమ మీద బరువు వేసి తిప్పండి. నేల పట్టుకోవాలి. మడమ సులువుగా తిరిగిందంటే గిట్ట కూడా అలాగే తిరుగుతుంది. మూడో పరీక్ష పశువు పడుకునే చోట మీరే మోకాళ్ళు ఊని కూర్చోవడం. పది సెకన్లు ఓర్చుకోలేనంత నొప్పిగా ఉంటే ఐదువందల కిలోల పశువుకు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. లేచాక మోకాళ్ళు తడిగా ఉంటే పొదుగు కూడా రోజంతా ఆ తడిలోనే ఉంటోందని అర్థం.

ఇక గచ్చు ఎందుకు జారుతుందనే సంగతి. కాంక్రీటు సహజంగా గరుకైనదే. పాక నేలకు వాడే పాళ్ళు మామూలుగా 1:2:4. అంటే ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర. కింద గ్రావెల్ పరిచి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో గట్టిపరిచి, పైన నాలుగంగుళాల మందాన పోస్తారు. కప్పు కింద ఒక ఆవుకు 3.5 చదరపు మీటర్లు, గేదెకు 4 చదరపు మీటర్లు ఉండాలన్నది మన దేశంలో వాడే ప్రమాణం. నాలుగు గేదెలకు 16 చదరపు మీటర్లు, సుమారు పది బస్తాల సిమెంటు. ఇంతవరకూ అంతా సరిగ్గానే జరుగుతుంది. తప్పు ఆఖరి గంటలో జరుగుతుంది. మేస్త్రీ పైన పొడి సిమెంటు చల్లి, ఇనుప తాపీతో నీళ్ళు తేలేదాకా రుద్ది, అద్దంలా తీరుస్తాడు. అది ఇంటి వసారాకు అందమైన పనితనం. పాకలో అదే నునుపు మీద పేడ, మూత్రం కలిసిన పల్చటి పొర చేరితే గిట్టకు, నేలకు మధ్య తాకుడే ఉండదు. గిట్ట ఆ పొర మీద తేలుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గిట్టల రాపిడికి ఆ నునుపు ఇంకా పెరుగుతుంది కూడా.

అందుకే పోసే రోజు మేస్త్రీ పక్కన నిలబడండి. ఇంటి ముందు ర్యాంపు మీద బండి జారకుండా గీతలు గీసే మేస్త్రీకి పాకలో గాళ్ళు తీయడం కొత్త పనేమీ కాదు, మనం అడగాలి అంతే. పొడి సిమెంటు చల్లొద్దని, ఇనుప తాపీ వాడొద్దని, చెక్కతో మాత్రమే రుద్ది వదలమని ముందే చెప్పండి. తర్వాత గాళ్ళు. ఒక్కో గాడి సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు లోతు ఉంటే చాలు. గాడికీ గాడికీ మధ్య నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్లు చదును వదలాలి. ఏ వెల్డింగు షాపులోనైనా నాలుగైదు ఇనుప చువ్వలను ఆ ఎడంతో పక్కపక్కన అతికించి, పైన పిడి పెట్టించుకుంటే పనిముట్టు తయారు. దాన్ని పచ్చి కాంక్రీటులోకి నొక్కుతూ పోవడమే పని.

ఇందులో నేర్పు అంతా వేళ చూసుకోవడంలో ఉంది. మరీ పచ్చిగా ఉంటే గాడి తిరిగి పూడుకుపోతుంది. ఆలస్యమైతే చువ్వ దిగదు. బొటనవేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి ముద్ద అంటుకోకూడదు. అదీ అదను. వేసవిలో కాంక్రీటు త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి పాకంతా ఒకేసారి పోయకుండా, పొద్దున్నే మొదలుపెట్టి భాగాలుగా పోసుకోవాలి. చువ్వ నొక్కినప్పుడు రెండు పక్కలా కాంక్రీటు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును చెక్కతో తట్టి చదును చేయకపోతే ఎండాక కత్తి అంచులా మిగిలి గిట్ట అడుగును కోస్తుంది. ఎండిన తర్వాత కూడా సిమెంటు దిమ్మనో ఇటుకనో నేల మీద ఈడ్చి అంచులు మొద్దుబార్చాలి. కనీసం పదిరోజులు తడపాలి. పశువులను వదిలే ముందు ఒకటి రెండుసార్లు బాగా కడగాలి. కొత్త సిమెంటు క్షారం గిట్టల మధ్య చర్మాన్ని పాడుచేస్తుంది.

గాళ్ళు ఎటువైపు ఉండాలి? పశువు పొడవునే సమాంతరంగా గీస్తే మూత్రం హాయిగా కాలవలోకి జారుతుంది, కాళ్ళు పక్కలకు విడిపోకుండా గాడి అంచు ఆపుతుంది. కానీ కాలు వెనక్కు జారడాన్ని అవి ఆపలేవు. అడ్డంగా గీస్తే వెనక్కు జారడం ఆగుతుంది, మూత్రం నిలుస్తుంది. నా ఓటు ఏటవాలుగా రెండు దిక్కులా గీసి గళ్ళు పడేలా చేయడానికి. గడి ప్రతి వైపూ పది సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. కాలు ఎటు జారినా ఒక అంచు తగులుతుంది, తడి కూడా ఏటవాలుగా కాలవ చేరుతుంది. వెదురు చీపురుతో పైపైన చారలు గీసి సరిపెట్టే వాళ్ళున్నారు. ఆ చారలు తొందరగా అరిగిపోతాయి. దీనికి వ్యతిరేకంగా, గరుకు కోసమని పచ్చి కాంక్రీటు మీద చిప్స్ చల్లించే వాళ్ళూ ఉన్నారు. అది అంతకన్నా తప్పు. పదునైన రాళ్ళ మీద గిట్ట అడుగు అరిగి పశువు కుంటుతుంది. పట్టు ఇవ్వాల్సింది గాడి అంచు. అంచుల మధ్య నేల చదునుగానే ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పథకం కింద గోకులం షెడ్లు కట్టుకుంటున్న వాళ్ళకు ఇది మరీ ముఖ్యం. నేల పోసే ముందే ఈ మాట మాట్లాడుకోండి. తర్వాత మాట్లాడితే యంత్రం అద్దెకు తెచ్చుకోవాల్సి వస్తుంది.

ఇప్పటికే నునుపు గచ్చు ఉన్నవాళ్ళ సంగతి ఏమిటి? డైమండ్ బ్లేడు ఉన్న కటింగ్ మిషన్‌తో గాళ్ళు కోయించవచ్చు. బ్లేడు సన్నగా ఉంటుంది కాబట్టి సెంటీమీటరు ఎడంతో రెండు కోతలు వేసి, మధ్య ముక్కను ఉలితో లేపాలి. లెక్క వేయండి. గాడి, చదును కలిపి ఐదు సెంటీమీటర్లు అనుకుంటే చదరపు మీటరుకు 20 మీటర్ల గాడి. నాలుగు గేదెల పాక 16 చదరపు మీటర్లకు 320 మీటర్లు. రెండేసి కోతలు కాబట్టి 640 మీటర్లు. చాలా ఖర్చు. కానీ అంతా కోయాల్సిన పనిలేదు. పశువుకు పట్టు కావాల్సింది వెనక కాళ్ళు ఆనే చోట. ఒక్కో గేదె నిలబడే వెడల్పు 1.2 మీటర్లు అనుకుంటే నాలుగింటికి 4.8 మీటర్లు. కాలవకు ఆనుకుని ఒక మీటరు పట్టీ మాత్రమే కోయిస్తే 4.8 చదరపు మీటర్లు, 96 మీటర్ల గాడితో సరి. దానికి తోడు గుమ్మం దగ్గర, నీళ్ళ తొట్టి దగ్గర, పశువు మలుపు తిరిగే మూల దగ్గర కొద్దిగా కోయిస్తే చాలు. తిన్నగా నడిచే కాలు కన్నా ఆగే కాలుకు, తిరిగే కాలుకు ఎక్కువ పట్టు కావాలి. కోసేటప్పుడు నీళ్ళు చిమ్ముతూ కోయాలి, ముక్కుకు గట్టి మాస్క్ ఉండాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. నీళ్ళున్న చోట కరెంటు మిషన్ కాబట్టి పనివాడి కాళ్ళకు రబ్బరు బూట్లు, లైనుకు షాక్ కొట్టకుండా ఆపే బ్రేకరు ఉండేలా చూడండి.

ఖర్చు తగ్గుతుందని కొందరు పాత గచ్చు మీద అంగుళం మందాన కొత్త సిమెంటు పూయించి గీతలు గీయిస్తారు. పల్చటి పూత పాతదాన్ని పట్టుకోదు, గిట్టల కింద పెచ్చులై లేస్తుంది. ఇంకొందరు బాత్రూం యాసిడ్ పోసి గరుకు తెస్తారు. ఆ గరుకు కొద్ది నెలలకు మించి ఉండదు, ఆ పొగలు మనిషికీ పశువుకూ హాని. రెండూ డబ్బు దండగ.

రాయలసీమలో, తాండూరు చుట్టుపక్కల, పల్నాడులో నాపరాళ్ళు పరిచిన పాకలు ఎక్కువ. రాయి చల్లగా ఉంటుంది, ఏళ్ళకొద్దీ మన్నుతుంది. కానీ తడిస్తే గచ్చు కన్నా ఎక్కువ జారుతుంది. కొత్తగా పరిచేవాళ్ళు పాలిష్ లేని బండ తీసుకుని గరుకు వైపు పైకి వచ్చేలా పరచాలి. బండలు చిన్నవైతే అతుకులు ఎక్కువ వస్తాయి, అతుకే గిట్టకు పట్టు. పాత బండలకు ఉలితో గంట్లు కొట్టించడం చవకైన మార్గం, మళ్ళీ వెనక కాళ్ళ పట్టీ వరకే. నాడాలు కొట్టించిన బండి ఎడ్లను కట్టే చోట ఇది తప్పనిసరి. ఇనుము తడి రాతి మీద నిలవదు.

నేల ఎంత గరుకైనా వాలు సరిగ్గా లేకపోతే ఫలితం ఉండదు. నీరు నిలిచే చోట పేడ జారుడు పొరగా మారుతుంది. ఆరడుగుల పొడవుకు అంగుళంన్నర వాలు చాలు. నీళ్ళు త్వరగా పోతాయని దానికి రెట్టింపు పెట్టించే వాళ్ళున్నారు. అప్పుడు పశువు రోజంతా ఎత్తు ఎక్కుతున్నట్టు నిలబడాలి, బరువు వెనక్కు పడుతుంది. నిండు చూడి పశువులో గర్భం బరువు కూడా వెనక్కు నొక్కి, మెయ్య దిగే ప్రమాదం పెరుగుతుంది. గిట్టల వెనక కాలవ అడుగు వెడల్పుతో, రెండు మూడు అంగుళాల లోతుతో, అంచులు గుండ్రంగా ఉండాలి. లోతు కాలవలో కాలు పడితే విరిగేది కాలే.

అసలు సిమెంటే పోయించలేని వాళ్ళు బాధపడాల్సిన పనిలేదు. పట్టు వరకూ చూస్తే దిమ్మిస కొట్టిన మట్టినేలను మించింది లేదు. దాని బలహీనత తడి. మూత్రం ఇంకి గుంటలు పడతాయి, వానాకాలం బురదవుతుంది. నల్లరేగడి అయితే ఉబ్బి, ఎండాక పగులుతుంది. కాబట్టి పై అడుగు మట్టి తీసేసి ఎర్ర గ్రావెల్ వేసి, పొరలు పొరలుగా తడిపి గట్టిపరచాలి. పొరకు నాలుగైదు అంగుళాలకు మించకూడదు, మించితే అడుగు భాగం గట్టిపడదు. పాక నేల చుట్టుపక్కల కన్నా అడుగైనా ఎత్తుండాలి. ఏడాదికోసారి మూత్రం పీల్చిన పైమట్టిని గీకి పొలానికి తోలుకుని, కొత్త గ్రావెల్ వేసుకోవాలి. ఆ మట్టి నత్రజని ఉన్న ఎరువే కాబట్టి ఆ శ్రమ వృథా కాదు.

దీనికి ఒక మెట్టు పైన ఉన్నది ఇటుకను నిలువు అంచున పరచడం. బాగా కాలిన ఇటుకనే వాడాలి. పచ్చి ఇటుక ఒక వానాకాలానికే పొడి అయిపోతుంది. ఇటుక తనంత తాను తడిని పీల్చుకుంటుంది, అతుకులు పట్టునిస్తాయి, అరిగిన చోట ఆ నాలుగు ఇటుకలే మార్చుకోవచ్చు. ఇటుక బట్టీలు దగ్గరున్న ఊళ్ళలో నేను మొదట చెప్పేది ఇదే. క్వారీలు, క్రషర్లు దగ్గరున్న చోట ఇంకో మార్గం ఉంది. నాలుగంగుళాల మందాన క్రషర్ డస్ట్ వేసి, తడిపి, గట్టిగా తొక్కించి, దాని మీద రబ్బరు మ్యాట్లు పరచడం. అమెరికాలో గుర్రపుశాలలకు బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. రాతిపొడి గట్టిపడి చదునుగా నిలుస్తుంది, కాస్తంత తడిని కిందికి వదులుతుంది.

రబ్బరు మ్యాట్ల గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. ఇప్పుడు అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు, కొనేవాళ్ళు అంతగా చూసుకోవడం లేదు. మన మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే మ్యాట్. 17 మిల్లీమీటర్ల మందం ఉన్న మంచి రబ్బరు మ్యాట్ 45 నుంచి 50 కిలోలు తూగాలి. మరీ తేలిగ్గా ఉంటే లోపల గాలిబుడగలో, వేరే ఫోమో ఉన్నట్టు. బరువుగా ఉన్నంత మాత్రాన మంచిదనీ కాదు, సుద్ద లాంటి పొడులు కలిపితే బరువు పెరుగుతుంది. మూల పట్టుకుని వెనక్కు మడవండి. మడిచిన చోట తెల్లటి గీతలు, చిన్న పగుళ్ళు కనిపిస్తే వదిలేయండి. అరచేత్తో గట్టిగా రుద్దితే చేయి నల్లబడి పొడి రాలితే అది కూడా మన్నదు.

మ్యాట్ పైభాగం గుండీలతోనో గళ్ళతోనో ఉండాలి. నున్నటి రబ్బరు పేడ తడికి గచ్చులాగే జారుతుంది, ఈ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు. అడుగు భాగంలో చాళ్ళు ఉండాలి, లేకపోతే కిందికి చేరిన మూత్రం అక్కడే కుళ్ళి వాసన పట్టి, ఈగలు పెరుగుతాయి. వారానికోసారి మ్యాట్ ఎత్తి కింద కడుక్కోవాలి. యాభై కిలోల మ్యాట్‌ను ఇద్దరు మనుషులు ఎత్తాలి కాబట్టి ఆ శ్రమ కూడా లెక్కలోకి రావాలి. పరిచేటప్పుడు మ్యాట్‌కూ మ్యాట్‌కూ మధ్య అరంగుళం ఖాళీ వదలండి. ఎండకు రబ్బరు వ్యాకోచించి, ఖాళీ లేకపోతే అంచులు పైకి లేస్తాయి. లేచిన అంచుకు గిట్ట తట్టుకుంటుంది. బోల్టులు మేత తొట్టి వైపు మాత్రమే వేసి, తలలు రబ్బరులోకి దిగిపోయేలా పెద్ద వాషర్లు వాడాలి. డబ్బు అన్నిటికీ చాలకపోతే ముందు ఈనబోయే పశువుకు, ఆ తర్వాత పాలిచ్చే వాటికి కొనండి.

చవకలో దొరికే పాత కన్వేయర్ బెల్టుల సంగతి చాలామంది అడుగుతారు. సింగరేణి గనుల్లో, థర్మల్ కేంద్రాల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో వాడి తీసేసిన బెల్టులు పాత సామాను వ్యాపారుల దగ్గరికి చేరుతుంటాయి. వీటిలో రెండు రకాలు. లోపల గుడ్డ పొరలున్నవి ఒకటి, ఉక్కు తీగలున్నవి రెండోది. ఉక్కు తీగల బెల్టును పాక దరిదాపులకు రానివ్వకండి. పాత లారీ టైర్లు కోసి అల్లిన చాపలకూ ఇదే మాట వర్తిస్తుంది. అరిగేకొద్దీ తీగలు బయటికి పొడుచుకొస్తాయి. గిట్టలో గుచ్చుకోవడం చిన్న ప్రమాదమే. పెద్దది వేరే ఉంది. పశువు మేతను ఏరుకుని తినదు, నాలుకతో చుట్టి మింగుతుంది. విరిగిన తీగముక్క మేతతో లోపలికి పోతే రెండో పొట్టలో చిక్కుకుంటుంది. ఆ పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ ముందుకు గుచ్చుకుంటూ, పొట్టగోడను, దాని ముందున్న పొరను దాటి గుండెను చేరుతుంది. ఆ దశలో పశువు దక్కడం కష్టం. కొన్ని వందల రూపాయలు మిగిల్చుకోబోయి పాడిపశువును పోగొట్టుకునే దారి ఇది.

గుడ్డ పొరల బెల్టు వాడుకోవచ్చు, ఒక షరతు మీద. వాడి వాడి దాని పైభాగం నున్నబడి ఉంటుంది కాబట్టి నడిచే దారిలో వేయకూడదు. పడుకునే చోట వేసి, పైన ఊకో పొట్టో పరుచుకోవాలి. రసాయనాలు, నూనెలు మోసిన బెల్టు కాదని అడిగి తెలుసుకోండి. బాగా కడిగి, ఎండబెట్టి, వాసన చూసి తెచ్చుకోండి.

పైన పరిచేవి ఊరును బట్టి మారతాయి. మనకు వరిగడ్డి మేత, దాన్ని కాళ్ళకింద వేయలేం. వరి ఊక ప్రతి మిల్లులో దొరుకుతుంది కానీ తడిని పెద్దగా పీల్చదు. నునుపు గచ్చు మీద పల్చగా చల్లిన పొడి ఊక గిట్ట కింద దొర్లి ఇంకా జారుస్తుంది కూడా. వేస్తే మందంగా, గాళ్ళున్న నేల మీద లేదా మట్టి మీద వేయాలి. కోనసీమలో కొబ్బరిపొట్టు దొరుకుతుంది. అది తన బరువుకు ఎన్నో రెట్ల నీళ్ళు పీలుస్తుంది, ఎండలో ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. చెరకు ప్రాంతాల్లో పిప్పి, ఎండుటాకు పనికొస్తాయి. వేరుశనగ తొక్కలకు బూజు పట్టి ఉంటే వద్దు, పశువు వాటిని తింటుంది. రంపపు పొట్టు బాగా ఎండినదై ఉండాలి. పచ్చి పొట్టు తడిస్తే పొదుగువాపు తెచ్చే సూక్ష్మజీవులు అందులో వేగంగా పెరుగుతాయి. పొదుగుకు, మోకాళ్ళకు, పట్టుకు మూడింటికీ మంచిది ఇసుక. సూక్ష్మజీవులు పెరగడానికి ఇసుకలో ఆహారమే లేదు. కానీ అది కాలవలను పూడుస్తుంది, పేడతో కలిసి గోబర్‌గ్యాస్ ప్లాంటు అడుగున పేరుకుంటుంది. ప్లాంటు ఉన్నవాళ్ళు ఇసుక జోలికి పోకపోవడం మేలు.

గుర్రాల దగ్గర కొన్ని లెక్కలు మారతాయి. హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సు గుర్రాల నుంచి ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రాల దాకా, చాలావాటి కాళ్ళకు ఇనుప నాడాలు ఉంటాయి. గచ్చు గాళ్ళు ఒక్కటే వాటికి చాలవు, మ్యాటో మందపాటి పరుపో ఉండాల్సిందే. గుర్రం నిలబడే కునుకు తీస్తుందని అందరికీ తెలుసు. కానీ గాఢనిద్రలో ఒక దశ ఒళ్ళు వాల్చితేనే వస్తుంది. రోజుకు అరగంట నుంచి గంట దాకా ఆ నిద్ర దానికి తప్పనిసరి. నేల జారుతుందనో, చోటు చాలదనో భయపడిన గుర్రం రోజుల తరబడి పడుకోదు. చివరికి నిలబడే నిద్రలోకి జారి ముందు మోకాళ్ళ మీద కూలిపోతుంది. గుర్రం ముందు కాళ్ళ చీలమండల మీద, మోకాళ్ళ మీద మానని పుండ్లు కనిపిస్తే నాడా కన్నా ముందు శాల నేలను అనుమానించాలి. పన్నెండడుగుల చదరం గది, క్రషర్ డస్ట్ మీద మ్యాట్లు, పైన మందంగా పొట్టు, గోడల వెంబడి పొట్టును కాస్త ఎత్తుగా తోసి ఉంచడం గుర్రానికి సరిపడే ఏర్పాటు. గుర్రం తల నేలకు దగ్గరగా పెట్టి మేస్తుంది కాబట్టి మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఘాటు దాని ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతుంది. తడిసిన పొట్టును ఏ పూటకా పూట తీసేయాలి. తడిలో నిలిచిన గిట్ట అడుగున మెత్తని భాగం కుళ్ళిపోతుంది.

ఏ నేలైనా పేడ నిండిన గాడి గాడి కాదు. రోజుకు రెండుసార్లు గట్టి చీపురుతో గాళ్ళ వెంబడి ఊడ్చి కడగాలి. వానాకాలంలో నీడపట్టున పాకుడు పడుతుంది, దాన్ని బ్లీచింగ్ పౌడరుతో రుద్ది వదిలించాలి. పశువులను బయటికి తోలి, మళ్ళీ నీళ్ళతో కడిగాకే వాటిని లోపలికి తేవాలి.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి పశువు పడుతుంది. పడితే దాన్ని ఆ గచ్చు మీదే లేపడానికి తోక మెలిపెట్టి, కొట్టి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకండి. ప్రతి విఫల ప్రయత్నంలో కండరం ఇంకొంత తెగుతుంది. గోనెసంచుల మీదికో, టార్పాలిన్ మీదికో దొర్లించి, నలుగురు కలిసి మట్టినేల మీదికి లాగండి. వెనక కాళ్ళు రెంటినీ మెత్తటి తాడుతో, మధ్య రెండడుగుల ఎడం ఉండేలా కట్టండి. అప్పుడు లేవబోయినా కాళ్ళు చీలవు. ఒకే పక్కన పడి ఉంటే కింది కాలి కండరాలు తన బరువుకే నలిగి కొన్ని గంటల్లో చచ్చుబడతాయి కాబట్టి రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి. ఛాతీ మీద నిటారుగా కూర్చునేలా గడ్డిమోపులు ఆనించండి, నీళ్ళు, మేత నోటికి అందేలా పెట్టండి. ఈనిన పశువైతే పాలజ్వరం కావచ్చు. కాల్షియం సకాలంలో ఎక్కిస్తే చాలావరకు లేచి నిలబడతాయి, ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సంచార పశువైద్య వాహనానికి ఫోన్ చేయాల్సిన నంబరు 1962.